మూడోడే ముంచిండా? ఓట్ల చీలిక లెక్క ఒకసారి సక్కగ చూద్దాం

ఓట్ల లెక్కింపు అయిపోయిన రోజు పొద్దుమూకినంక ఏ ఊర్ల చాయ్ హోటల్ కాడ కూసున్నా ఒక మాట ఇనబడ్తది. "గా మూడోడు నిలవడకపోతే మనోడు గెలుస్తుండె. అంత వాడే ముంచిండు." ఓడిపోయిన పార్టీ ఏదైనా, ఊరు ఏదైనా, మాట మాత్రం ఇదే.

ఆ మూడోడు మన దోస్తే కావచ్చు. చదువుకున్న పోరడు, కొలువు లేదు, ఊర్ల నీళ్ల గురించో రోడ్డు గురించో అడిగి అడిగి యాష్టకొచ్చి సర్పంచ్‌కు నామినేషన్ ఏసిండు. నూట డెబ్బయి ఓట్లు వచ్చినయి. తెల్లారినుంచి సగం ఊరు వానితోటి మాట్లాడుడు బందు పెట్టింది. వానికి ఓటేసినోళ్లు కూడా "మా ఓటు ఖరాబ్ అయిందా?" అని లోపల లోపల బాధ పడ్తుంటరు. ఈ మాటతోటి మనుషులు దూరమైతున్నరు, కొత్తోళ్లు నిలవడాలంటేనే భయపడ్తున్నరు. అందుకని ఈ "ఓట్లు చీల్చుడు" అనేది అసలు ఏంది, ఎప్పుడు నిజం, ఎప్పుడు ఉత్త సాకు అనేది జర నిమ్మలంగ చూద్దాం.

ముందుగాల చిన్న లెక్క

మన దగ్గర సర్పంచ్ నుంచి ఎంపీ దాకా గెలుపు సూత్రం ఒక్కటే. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినోడు గెలిచినట్టు. సగం ఓట్లు రావాలన్న రూల్ లేదు.

ఒక ఊర్ల 900 ఓట్లు పడ్డయి అనుకుందాం. మొదటాయనకు 380, రెండో ఆయనకు 350, మూడో ఆయనకు 170. మొదటాయన 30 ఓట్లతోటి గెలిచిండు. అంటే ఊర్ల 520 మంది ఆయన వద్దనుకున్నరు, అయినా ఆయనే సర్పంచ్. ఇప్పుడు రెండో ఆయన మనుషులు ఏమంటరు? "ఆ 170 ఓట్లు మాయి. మూడోడు గుంజుకున్నడు."

ఈ మాటల ఒక లెక్క దాగి ఉన్నది. మూడోడు లేకపోతే ఆ 170 మంది ఇంట్ల నుంచి బయటికొచ్చి మరీ రెండో ఆయనకే గుద్దుతుండె అని వాళ్లు ముందే ఒప్పేసుకున్నరు. కానీ ఆ 170 మందిని ఎవరైనా అడిగిండ్రా? అసలు పంచాయితీ అంత ఇక్కడ్నే ఉన్నది.

268 ఓట్లకు బాధ్యులు ఎంతమంది?

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలల్ల చేవెళ్ల సంగతి చూడుండ్రి. బీఆర్ఎస్ నుంచి కాలె యాదయ్య, కాంగ్రెస్ నుంచి పామెన భీం భరత్ తలపడితే యాదయ్య 268 ఓట్లతోటి బయటపడ్డడు. ఒక పోలింగ్ బూత్‌ల ఉండే ఓట్ల కంటే ఇది చానా తక్కువ. మూడో స్థానంల ఉన్న బీజేపీ అభ్యర్థికి పదుల వేలల్ల ఓట్లు వచ్చినయి.

ఇప్పుడు చెప్పుండ్రి, ఎవరు ముంచిండ్రు? బీజేపీ అభ్యర్థి మీద పెట్టొచ్చు. 268 కంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్న ఏ స్వతంత్ర అభ్యర్థి మీదనైనా పెట్టొచ్చు. ఓటేయకుండ ఇంట్ల పండుకున్నోళ్ల మీద పెట్టొచ్చు. పట్నంల పని చేసుకుంట, బస్సు ఛార్జీ ఎందుకని ఊరికి రానోళ్ల మీద కూడా పెట్టొచ్చు. తేడా చిన్నగున్నప్పుడు అందరూ దోషులే. అందరూ దోషులైనప్పుడు ఒక్కన్నే పట్టుకొని తిట్టుడు న్యాయం అనిపించుకోదు.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. ఓట్ల చీలిక అంటే ప్రపంచంల అందరికీ ముందు యాదికొచ్చేది 2000 సంవత్సరంల అమెరికా అధ్యక్ష ఎన్నిక. దేశమంత అయిపోయి చివరికి ఫ్లోరిడా రాష్ట్రం కాడ ఆగింది. ఆ రాష్ట్రం ఎవరు గెలిస్తే వాళ్లే అధ్యక్షుడు. అక్కడ రిపబ్లికన్ జార్జ్ బుష్, డెమోక్రాట్ అల్ గోర్ మీద 537 ఓట్లతోటి గెలిచిండు. గ్రీన్ పార్టీ నుంచి నిలవడ్డ రాల్ఫ్ నేడర్‌కు అదే ఫ్లోరిడాల 97,488 ఓట్లు వచ్చినయి. ఇగ అంతే. అప్పటినుంచి ఇప్పటిదాకా "నేడరే గోర్‌ను ఓడగొట్టిండు" అనే మాట పోలేదు.

నేడర్ ఓటర్లల్ల బుష్ కంటే గోర్‌ను మెచ్చేటోళ్లే ఎక్కువ అని సర్వేలు చెప్పినయి. కాబట్టి ఆ మాటల నిజం ఉన్నది, కాదనలేం. కానీ ఇంకొంచెం లోపలికి పోతే వేరే సంగతులు కనబడ్తయి. సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ అని ఒక చిన్న పార్టీ ఉండె. దాని అభ్యర్థికి రాష్ట్రమంత కలిపి 562 ఓట్లు. అది కూడా 537 కంటే ఎక్కువే! మరి ఆయనను ఎవరూ తిట్టలే. డెమోక్రాట్లుగ పేరు రాయించుకొని బుష్‌కు ఓటేసినోళ్లు లక్షకు పైన ఉన్నరని ఎగ్జిట్ పోల్స్ లెక్కలు చెప్పినయి. వాళ్లను కూడా ఎవరూ తిట్టలే. పామ్ బీచ్ అనే కౌంటీల బ్యాలెట్ కాగితమే తికమకగ అచ్చేసిండ్రు. గోర్‌కు ఏద్దామనుకున్న చానా మంది పొరపాటున ప్యాట్ బుకానన్ అనే వేరే ఆయనకు గుద్దిండ్రు. ఒక్క ఆ తప్పే 537 కంటే పెద్దది కావచ్చు.

అంటే ఓటమికి పది కారణాలుంటే, చేతికి అందే కారణం మీదనే నేరం మోపుతరు. మూడోడు అందరికంటే బలహీనుడు. మీద పడుడు అల్కగ ఉంటది.

మూడోడి ఓట్లు ఎటు పోతుండె?

"వాడు లేకపోతే ఆ ఓట్లు మనకే" అన్నది రుజువు చేయడానికి మామూలు ఎన్నికల దారి లేదు. ఓటరు ఒక్క బటనే నొక్కుతడు, రెండో ఇష్టం ఏందో మిషన్ అడగదు. కానీ మన దగ్గర్నే ఆ సంగతి అడిగే ఎన్నిక ఒకటున్నది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. మీలో డిగ్రీ అయిపోయినోళ్లు ఏసే ఉంటరు. పేరు ఎదురుంగ 1, 2, 3 అని నంబర్లు రాస్తరు. సగం కంటే ఎక్కువ ఓట్లు ఎవరికీ రాకపోతే, అందరికంటే తక్కువొచ్చినోన్ని తీసేసి, వాని కాగితాల మీద రెండో నంబరు ఎవరికుంటే వాళ్లకు కలుపుతరు. అట్ల కింది నుంచి ఒక్కొక్కల్ని తీసుకుంట పోతరు.

2025ల కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానంల గిదే జరిగింది. బీజేపీ అంజిరెడ్డికి మొదటి నంబరు ఓట్లు 75 వేల పైన, కాంగ్రెస్ నరేందర్ రెడ్డికి 70 వేల పైన, బీఎస్పీ నుంచి నిలవడ్డ ప్రసన్న హరికృష్ణకు 60 వేల పైన వచ్చినయి. మామూలు ఎన్నికైతే ఏమంటుండె? "తేడా అయిదు వేలు, మూడోడు 60 వేలు గుంజుకున్నడు, ఆయనే ముంచిండు" అని తెల్లారేదాకా తిడ్తుండె.

కానీ ఇక్కడ ఆ మూడో ఆయన ఓట్లను కూడా తీసి పంచిండ్రు. ఏమైంది? ఆ ఓట్లు పై ఇద్దరికీ ఇంచుమించు సమానంగ పోయినయి. ఇంకా చానా కాగితాల మీద ఆ ఇద్దరికీ ఏ నంబరూ లేదు. చివరికి మిగిలిన తేడా మళ్ల అయిదు వేల దగ్గర్నే ఉన్నది. గెలిచినాయన అట్లనే గెలిచిండు. మూడో ఆయన ఓటర్లు ఇద్దరిల ఎవరి సొత్తూ కారని కాగితం మీదనే తేలింది.

అయితే ప్రతిసారి ఇట్లనే ఉంటదని కూడా అనుకోవద్దు. రాష్ట్రపతి ఎన్నిక కూడా ఇదే నంబర్ల పద్ధతిల జరుగుతది. 1969ల ఇద్దరు తెలుగోళ్లు తలపడ్డరు, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి లెక్కల గిరికి సగం రాలేదు గానీ, సంజీవరెడ్డి కంటే దాదాపు 88 వేల ఓట్ల విలువ ముందున్నడు. రెండో నంబర్లు కలిపేసరికి ఆ తేడా 15 వేల లోపలికి దిగింది. దేశ్‌ముఖ్ ఓట్లల్ల పెద్ద భాగం సంజీవరెడ్డికే పోయినయి అన్నట్టు. ఎందుకంటే దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన పార్టీలు రెండో ఓటు ఆయనకే ఇయ్యాలని ముందే అనుకున్నయి. అయినా గిరే గెలిచిండు.

రెండు ఎన్నికలు, రెండు తీర్లు. ఒకదాంట్ల మూడోడి ఓట్లు సమానంగ చీలినయి, ఇంకోదాంట్ల ఒక్క దిక్కే ఒరిగినయి. అడగకముందే "మాయే" అనుడు తప్పు. అడిగితే ఎటైనా పోవచ్చు.

నిజంగ చీలినప్పుడు

ఓట్ల చీలిక అనేదే అబద్ధం అని నేను అంటలేను. 2009 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు మన ఇంట్ల పెద్దోళ్లకు యాదుంటయి. చిరంజీవి ప్రజారాజ్యం పెట్టి 16 శాతం దాకా ఓట్లు తెచ్చుకున్నడు. సీట్లు మాత్రం 294ల 18. కాంగ్రెస్‌కు 36 శాతం పైన ఓట్లు, 156 సీట్లు. టీడీపీ, టీఆర్ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీలు కలిసిన మహాకూటమికి 35 శాతం దగ్గర ఓట్లు, 107 సీట్లు. పై ఇద్దరి నడుమ తేడా రెండు శాతం ఉంటే, మూడో పార్టీ దగ్గర పదహారు శాతం ఉన్నది. అంత పెద్ద కుప్ప ఎటు ఒరిగినా ఫలితం తారుమారు అయ్యేదే. కానీ ఎటు ఒరుగుతుండెనో మాత్రం ఎవరూ రుజువు చేయలేరు. 2011ల ఆ పార్టీ కాంగ్రెస్‌ల కలిసిపోతున్నట్టు చెప్పినప్పుడు, "ప్రభుత్వం మీద కోపంతోటి ఏసిన మా ఓటు ఇదేనా?" అని చానా మంది నోరెళ్లబెట్టిండ్రు. నన్నడిగితే, మూడో పార్టీ మీద పెట్టాల్సిన అసలు నింద ఓట్లు చీల్చినందుకు కాదు. నమ్మి ఏసిన ఓటును తీసుకపోయి ఎక్కడ పెట్టిండ్రో అని అడగాలె.

సిర్పూర్ సంగతి కూడా ఇట్లాంటిదే. 2023ల బీజేపీ పాల్వాయి హరీశ్ బాబు బీఆర్ఎస్ కోనేరు కోనప్ప మీద మూడు వేల పైచిలుకు ఓట్లతోటి గెలిచిండు. బీఎస్పీ నుంచి నిలవడ్డ ఆర్ఎస్ ప్రవీణ్ కుమార్‌కు 44 వేల పైన ఓట్లు పడ్డయి. నాలుగు నెలలు తిరగకముందే, 2024 మార్చిల ప్రవీణ్ కుమార్ ఆ బీఆర్ఎస్‌లనే చేరిండు. ఎన్నికల ముందు ఎదురుంగ నిలవడ్డ మనిషి, తర్వాత ఇంట్ల మనిషి అయిండు. మరి ఆ 44 వేల మంది ఎవరి దిక్కున్నట్టు? వాళ్లు పార్టీలు మారలే, ఊర్లనే ఉన్నరు.

పార్టీలు ఈ లెక్క నేర్వలేదా అంటే నేర్చినయి. ఆంధ్రల 2019ల జనసేన విడిగ పోటీ చేస్తే అయిదున్నర శాతం ఓట్లు, ఒక్క సీటు వచ్చింది. అప్పుడు కూడా "చీల్చిండు" అన్నరు. కానీ ఆ ఎన్నికల వైఎస్సార్‌సీపీకి దాదాపు 50 శాతం, టీడీపీకి 39 శాతం. జనసేన ఓట్లన్నీ తెచ్చి టీడీపీకి కలిపినా 45 దాటదు. అంటే రాష్ట్రం మొత్తం మీద ఆ నింద లెక్కకు నిలవడదు. తర్వాత పవన్ కళ్యాణ్ "ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనియ్య" అని చెప్పి, 2024ల టీడీపీ, బీజేపీతోటి కలిసి 21 సీట్లల్ల పోటీ చేస్తే 21 గెలిచిండ్రు. కూటమికి 175ల 164. వైఎస్సార్‌సీపీకి 39 శాతం ఓట్లున్నా సీట్లు 11 మాత్రమే.

ఇక్కడ ఒక సంగతి గమనించుండ్రి. పెద్ద పార్టీకి చిన్న పార్టీ ఓట్లు కావాలంటే దారి ఉన్నది. పిలిచి కూసోబెట్టి సీట్లు ఇయ్యాలె, వాళ్లు అడిగే పనుల్ల కొన్ని ఒప్పుకోవాలె. ఇచ్చేది ఏం లేకుండ "నువ్వు తప్పుకో, లేకపోతే మేం ఓడితే పాపం నీదే" అనుడు పొత్తు కాదు, బెదిరింపు.

దొంగ మూడోడు వేరే

ఇంకో రకం ఉన్నది, దాన్ని మాత్రం గట్టిగ పట్టుకోవాలె. 2019ల భువనగిరి ఎంపీ ఎన్నికల కాంగ్రెస్ నుంచి కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి 5,219 ఓట్లతోటి గెలిచిండు. అక్కడ రోడ్డు రోలర్ గుర్తు మీద నిలవడ్డ, పెద్దగ ఎవరికీ తెల్వని అభ్యర్థికి దాదాపు 28 వేల ఓట్లు పడ్డయి. కారు గుర్తు అనుకొని మా ఓటర్లు పొరపడ్డరని టీఆర్ఎస్ మొత్తుకున్నది. 2020 దుబ్బాక ఉప ఎన్నికల బీజేపీ గెలిచిన తేడా వెయ్యి ఓట్ల పైచిలుకు. చపాతీ కర్ర గుర్తు మీదున్న స్వతంత్ర అభ్యర్థికి మూడున్నర వేల దాకా వచ్చినయి. అది కూడా కారు లెక్క కనబడ్డదని గొడవైంది.

ఇట్లాంటి చోట ఓటరు మనసు చీలలేదు, కండ్లు మోసపోయినయి. ఒకే పేరున్న మనిషిని తెచ్చి నిలబెట్టుడు, పైసలిచ్చి ఒక కులం ఓట్ల కోసం డమ్మీని దించుడు కూడా ఈ ఖాతాలనే పడ్తయి. నిజాయితీగ నిలవడ్డ పోరన్ని, పైసలు తీసుకొని నిలవడ్డ డమ్మీని ఒక్క తాడుతోటి కట్టొద్దు. ఎట్ల గుర్తు పట్టాలంటే, నిజమైనోడు ఎన్నికల ముందు కనబడ్తడు, ఓడిపోయినంక కూడా ఊర్లనే కనబడ్తడు. ఏం అడుగుతున్నడో సక్కగ చెప్తడు. డమ్మీకి నామినేషన్ ఉంటది, ముచ్చట ఉండదు.

మరి మనం ఏం చేయాలె?

ఓటేసేటోళ్లు మూడు ప్రశ్నలు ఏసుకోవాలె. ఒకటి, పై ఇద్దరి నడుమ నాకు నిజంగ తేడా ఉన్నదా? ఒకడొస్తే నా ఊరికి, నా బతుకుకు పెద్ద నష్టం అనిపిస్తే, వాన్ని ఆపేటోనికి ఏసుడు తప్పు కాదు, పిరికితనం కూడా కాదు. రెండు, ఇద్దరూ ఒక్కటే అనిపిస్తే నచ్చిన మూడోనికి ఏసుడు ఓటు ఖరాబ్ చేసుడు కాదు. ఆ ఓటు వచ్చేసారికి ఒక నోటీసు. 170 మంది ఈ పని అడుగుతున్నరని గెలిచినోనికి, ఓడినోనికి ఇద్దరికీ తెలుస్తది. మూడు, ఈ మూడోడు రేపు నా ఓటు పట్టుకొని ఎటు పోతడు? ఇది ఎన్నికల ముందే మొకం మీద అడగాలె.

నిలవడేటోళ్లకు కూడా ఒక మాట. 2023ల కొల్లాపూర్‌ల బర్రెలక్క అని అందరికీ తెలిసిన శిరీష నిరుద్యోగుల పేరు మీద స్వతంత్రంగ నిలవడ్డది. 5,754 ఓట్లు వచ్చినయి. గెలిచినాయనకు, రెండో ఆయనకు నడుమ తేడా అంతకు ఎన్నో రెట్లు ఉండె కాబట్టి ఆమె మీద చీల్చిందన్న నింద రాలే. అదే తేడా నాలుగు వేలు ఉండి ఉంటే? అవే ఓట్లు, అదే మనిషి, అవే మాటలు, కానీ సగం మంది తిడ్తుండె. అంటే ఆ నింద మనం చేసిన పనిని బట్టి రాదు, పై ఇద్దరి లెక్కను బట్టి వస్తది. దానికి భయపడి ఇంట్ల కూసునుడు ఎందుకు? అయితే అసెంబ్లీకి నిలవడాలంటే పదివేలు డిపాజిట్ కట్టాలె, ఎస్సీ, ఎస్టీలైతే అయిదు వేలు. పోలైన ఓట్లల్ల ఆరో వంతు రాకపోతే ఆ పైసలు పోతయి. ఆ లెక్క, ఊర్ల లెక్క రెండూ చూసుకొని దిగుండ్రి.

ఇగ పద్ధతి సంగతి. ఎమ్మెల్సీకి, రాష్ట్రపతికి నంబర్ల ఓటు పెట్టినోళ్లు సర్పంచ్‌కు, ఎమ్మెల్యేకు ఎందుకు పెట్టరు? కోట్ల మంది ఓట్లు అట్ల లెక్కపెట్టుడు కష్టం, లేటైతది, చదువు రానోళ్లకు ఇబ్బంది అంటరు. ఆ మాటల కొంత నిజం ఉన్నది. కానీ ఇప్పుడున్న పద్ధతి వల్ల ఎక్కువ లాభం పొందేది పెద్ద పార్టీలే అన్నది కూడా నిజం. రూల్ మార్చే కుర్చీల కూసున్నోళ్లు కూడా వాళ్లే. రూల్ మార్చరు, రూల్ వల్ల ఓడిపోయినప్పుడు మాత్రం మూడోన్ని తిడ్తరు.

అందుకే రేపు హోటల్ కాడ ఎవరన్నా "వాడే ముంచిండు" అంటే కొట్లాట పెట్టుకోకుండ్రి. చాయ్ తాగుకుంట ఒక్క ప్రశ్న అడుగుండ్రి. "అన్నా, వానికి ఏసిన 170 మంది ఇండ్లకు మీరు ఎన్నిసార్లు పోయిండ్రే?" జవాబు వస్తే మంచిది. రాకపోతే, ఆ ఓట్లు ఎందుకు పోయినయో ఆయనకే సమజైతది.